కుర్చీ ఎక్కేముందే చెప్పాలి

రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలిలో ఎవరు ఉండకూడదో చట్టంలోనే రాసి ఉంది. 1974 నాటి నీటి కాలుష్య నివారణ, నియంత్రణ చట్టం ఆరో సెక్షన్ తీసి చదవండి. దివాలా తీసినవారు పనికిరారు. నీతి తప్పిన నేరాల్లో శిక్ష పడినవారు పనికిరారు. మురుగునీటిని, ఫ్యాక్టరీ వ్యర్థజలాలను శుద్ధి చేసే యంత్రాలు తయారుచేసే, అమ్మే, అద్దెకిచ్చే కంపెనీలో వాటా ఉన్నవారు కూడా పనికిరారు. మంచి నిబంధనే. యంత్రాలు అమ్ముకునే మనిషి మండలిలో కూర్చుంటే ప్రతి ఫ్యాక్టరీ చేతా తన సరుకే కొనిపిస్తాడని ఆనాడే ఊహించారు. మరి ఆ వ్యర్థజలాన్ని వదిలే ఫ్యాక్టరీలోనే వాటా ఉన్నవారి సంగతేమిటి? వారిని ఆపే మాట ఆ సెక్షన్‌లో ఒక్కటీ లేదు.

ఇంకో సంగతి. ఛైర్మన్‌ను రాష్ట్ర ప్రభుత్వమే నామినేట్ చేస్తుంది. పూర్తికాలం పెట్టుకోవచ్చు, పార్ట్ టైమ్‌గానూ పెట్టుకోవచ్చు, ప్రభుత్వం ఇష్టం. పార్ట్ టైమ్ ఛైర్మన్ మిగతా సమయంలో ఏ వ్యాపారం చూసుకుంటారు, ఎవరికి కన్సల్టెంట్‌గా ఉంటారు, ఇంట్లోవాళ్ల పేరున ఏ కంపెనీ షేర్లున్నాయి అని అడిగి, ఆ జవాబులను జనం ముందు పెట్టాలని చట్టం చెప్పదు.

విశాఖ వాసులకు ఇది పుస్తకంలో సెక్షన్ల గొడవ కాదు. జ్ఞానాపురంలో, పాత నగరంలో డాబా మీద బట్టలు ఆరేసిన ప్రతి ఇల్లాలికీ పోర్టు నుంచి వచ్చే బొగ్గు దుమ్ము తెలుసు. కొండల మధ్య గిన్నెలాంటి పల్లంలో ఊరూ ఫ్యాక్టరీలూ కలిసి పెరగడం వల్ల పొగ త్వరగా బయటికి పోదని మల్కాపురంలో ఎవరినడిగినా చెబుతారు. దేశంలో తీవ్రంగా కలుషితమైన 43 పారిశ్రామిక ప్రాంతాల్లో విశాఖ ఒకటని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లోనే తేల్చింది. పరవాడ ఫార్మాసిటీ గోడ పక్కనున్న తాడి గ్రామస్థులు తమను అక్కడి నుంచి తరలించమని ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నారు.

2020 మే 7 తెల్లవారుజామును ఈ ఊరు మరచిపోలేదు. ఆర్ఆర్ వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరిన్ అనే రసాయనం ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. నిద్రలేచి పరుగెత్తినవారు రోడ్డు మీదే కుప్పకూలారు. కేంద్ర నిబంధనల ప్రకారం ఉండాల్సిన పర్యావరణ అనుమతి తమకు లేదని ఆ కంపెనీయే 2019లో అఫిడవిట్ ఇచ్చిందన్న సంగతి చావుల తర్వాతే ఊరికి తెలిసింది. తర్వాత విచారణ కమిటీలు వచ్చాయి, కొందరు అధికారులు సస్పెండయ్యారు. ఆ ప్రమాదానికీ మండలి అధ్యక్ష పదవిలో ఎవరున్నారన్నదానికీ నేరుగా ముడి ఉందని మేం అనడం లేదు. అలా అనడానికి మా దగ్గర ఆధారం లేదు. కానీ ఆ వారమంతా కేజీహెచ్ ఆసుపత్రి వార్డుల బయట నిలబడ్డవారు అడిగిన ప్రశ్న ఒక్కటే: ఇన్నేళ్లూ చూడాల్సినవాళ్లు ఏం చూశారు? చూడాల్సిన వ్యవస్థకు పెద్దగా ఎవరిని, ఎలా ఎంచుకుంటున్నామన్నది ఆ ప్రశ్నలో భాగమే.

ఇప్పుడు ఆ ప్రశ్న మరింత ముఖ్యం. నక్కపల్లిలో మందుల ముడి పదార్థాలు తయారుచేసే బల్క్ డ్రగ్ పార్కుకు, పూడిమడకలో గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు 2025 జనవరి 8న విశాఖలోనే ప్రధాని శంకుస్థాపన చేశారు. పిల్లలకు ఊళ్లోనే ఉద్యోగాలు రావాలని ఎవరికి ఉండదు? మాకూ ఉంది. ఆ డ్రగ్ పార్కు పక్కనున్న రాజయ్యపేట మత్స్యకారులకు సముద్రం పాడవుతుందన్న భయమూ నిజమే. పరిశ్రమలు తెస్తామని దేశదేశాలు తిరిగేది రాష్ట్ర ప్రభుత్వం. పరిశ్రమలకు భూములిచ్చే తన సంస్థ ఏపీఐఐసీ పేరున భూమి సేకరించి పార్కులు కట్టేదీ ప్రభుత్వమే. ఆ పార్కుల్లోని ఫ్యాక్టరీలకు కన్సెంట్, అంటే కాలుష్య చట్టాల కింద అనుమతి, ఇవ్వాలా వద్దా అని తేల్చే మండలికి ఛైర్మన్‌ను నామినేట్ చేసేదీ అదే ప్రభుత్వం. పెట్టుబడులు రప్పించే బాధ్యత మోస్తున్న అధికారినే మండలిలోనూ కూర్చోబెడితే ఆ మనిషి రెండు పడవల మీద కాళ్లు పెట్టినట్టే. మనిషి ఎంత నిజాయితీపరుడైనా ఉదయం ఒక కుర్చీలో 'త్వరగా ఇవ్వండి' అని, మధ్యాహ్నం ఇంకో కుర్చీలో 'ఆగండి, చూద్దాం' అని ఎలా అనగలడు?

ఇంతకంటే గట్టి పద్ధతి మన చట్టాల్లో లేక కాదు. కరెంటు ఛార్జీలు తేల్చే విద్యుత్ నియంత్రణ మండలినే చూడండి. కరెంటు పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్ ప్రధాన కార్యాలయం విశాఖలోనే ఉంది కాబట్టి కరెంటు ఛార్జీల విచారణలు, ట్రూఅప్ (అంచనాకు మించిన ఖర్చును తర్వాత వసూలు చేసే) భారం ఈ ఊరికి కొత్త కాదు. 2003 విద్యుత్ చట్టం ప్రకారం ఆ మండలి ఛైర్మన్ మరే పదవిలోనూ ఉండకూడదు. హైకోర్టు జడ్జిగా పనిచేసినవారి నేతృత్వంలోని కమిటీ ప్రతి ఖాళీకి రెండు పేర్లు సూచించాలి. సూచించేముందు, ఆ వ్యక్తికి తన విధులను దెబ్బతీసే ఆర్థిక ప్రయోజనాలు గానీ ఇతర ప్రయోజనాలు గానీ లేవని కమిటీ నిర్ధారించుకోవాలి. పదవి దిగాక రెండేళ్ల దాకా వ్యాపార సంస్థల్లో ఉద్యోగం చేయకూడదు. ఆ ఏర్పాటు వల్ల విద్యుత్ మండళ్ల మీద విమర్శలు ఆగిపోయాయని కాదు. కనీసం అడగాల్సిన ప్రశ్న చట్టంలో ఉంది. యూనిట్ ధర తేల్చే మనిషికి ఇంత కట్టుదిట్టం పెట్టాం. పిల్లలు పీల్చే గాలి సంగతి చూసే మనిషికి ఎందుకు పెట్టలేదు?

సుప్రీంకోర్టు 2017 సెప్టెంబరు 22న ఉత్తరాఖండ్ కేసులో తీర్పునిస్తూ కాలుష్య నియంత్రణ మండళ్ల నియామకాలకు ఆరు నెలల్లో నియమాలు చేసుకోమని రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. అర్హత లేనివారితో మండళ్లు నింపుతున్నారన్న ఆవేదన ఆ తీర్పులో కనిపిస్తుంది. అర్హత ఒక్కటే చాలదన్న పాఠం అంతకుముందే మరో కేసులో వచ్చింది. 2011 మార్చి 3న కేంద్ర విజిలెన్స్ కమిషనర్ నియామకాన్ని కొట్టేసినప్పుడు, వ్యక్తి మంచివాడా కాదా అన్నది ఒక్కటే కాకుండా ఆ నియామకం వల్ల సంస్థ విశ్వసనీయత నిలుస్తుందా లేదా అన్నదీ చూడాలని అదే కోర్టు చెప్పింది. మా వాదనకు ఆధారం ఆ మాటే. మేం ఎవరినీ దొంగ అనడం లేదు.

దీనికి ఒక అభ్యంతరం వినిపిస్తుంది. పరిశ్రమల్లో పనిచేసినవారిని వద్దంటే నిపుణులెక్కడ దొరుకుతారని అడుగుతారు. ఆ మాటను కొట్టిపారేయలేం. రియాక్టర్ లోపల ఏం జరుగుతుందో తెలిసినవారు మండలిలో ఉండాల్సిందే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కెమికల్ ఇంజనీరింగ్, పర్యావరణ శాస్త్రాలు చెప్పే ప్రొఫెసర్లూ కంపెనీల కన్సల్టెన్సీ పనులు చేసి ఉండొచ్చు. ఫ్యాక్టరీల కోసం పర్యావరణ ప్రభావ నివేదికలు రాసినవారికి ఆ విద్య బాగా తెలుసు. అది తప్పు కాదు. ఏ కంపెనీకి, ఎప్పుడు, ఎంత ఫీజుకు చేశారో చెప్పాలి. వాటాలుంటే అమ్మేయాలి. ఆ కంపెనీ ఫైలు వచ్చిన రోజు గదిలోంచి లేచి వెళ్లాలి, లేచి వెళ్లినట్టు మినిట్స్‌లో రాయాలి. ఇంత చేస్తే ఆ నిపుణుడికే రక్షణ. స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీకి అప్పట్లో అధ్యక్షురాలిగా ఉన్నవారి మీద 2024లో ప్రయోజనాల వైరుధ్యం ఆరోపణలు వచ్చాయి. లోక్‌పాల్ 2025 మేలో వాటిని కొట్టేసింది. అంతకుముందే, 2025 మార్చిలో, ప్రయోజనాల వైరుధ్యంపై తన నిబంధనలను సమీక్షించడానికి ఉన్నతస్థాయి కమిటీని వేయాలని సెబీ నిర్ణయించింది. అన్నీ ముందే బయట పెట్టి ఉంటే అన్ని నెలల రచ్చ జరిగేది కాదేమో.

రాష్ట్ర ప్రభుత్వాన్ని మేం కోరేది చేయడానికి పార్లమెంటు చట్టం మారేదాకా ఆగక్కర్లేదు. ఛైర్మన్ పదవిని పూర్తికాలం చేయాలి. మరో శాఖ, మరో కార్పొరేషన్ బాధ్యత తగిలించకూడదు. ఎంపికను హైకోర్టు మాజీ న్యాయమూర్తి ఉన్న కమిటీకి అప్పగించాలి. 1974 నాటి నీటి చట్టమే మండలిలో వ్యవసాయం, మత్స్యరంగం, పరిశ్రమ లేదా వాణిజ్యం తరఫున ముగ్గురు వరకు అనధికార సభ్యులను వేసుకోవచ్చంటోంది. ఆ స్థానాల్లో ఒకటి వేటకెళ్లే మత్స్యకారుల ప్రతినిధికి ఇవ్వాలి. సముద్రంలో వ్యర్థజలాల పైపు ఎక్కడ వదులుతారో, అక్కడ చేప ఉందో లేదో చెప్పగలిగేది వాళ్లే.

వచ్చే ఛైర్మన్ పేరు ఖరారు కావడానికి కనీసం నెల ముందు ఆ వ్యక్తి ఆస్తులు, వాటాలు, గత పదేళ్ల కన్సల్టెన్సీలు, దగ్గరి బంధువుల కంపెనీల వివరాలు ప్రజల ముందు పెట్టాలి. వెబ్‌సైట్‌లో ఎక్కడో మూలన ఇంగ్లిష్ పీడీఎఫ్‌గా పడేస్తే కుదరదు. తెలుగులో ముద్రించి విశాఖలోని మండలి కార్యాలయం నోటీసు బోర్డుకు, తాడి, రాజయ్యపేట, పూడిమడక పంచాయతీ ఆఫీసుల గోడలకు అంటించాలి. అభ్యంతరాలు చెప్పడానికి గడువివ్వాలి. వచ్చిన ప్రతి అభ్యంతరానికీ ఉత్తర్వులోనే జవాబు రాయాలి.