లక్ష రూపాయల ఫోన్ హ్యాండిల్ మీద ఎందుకండీ?

కొత్త బండి ఇంటికి రాగానే అందరూ అడిగేది ఒకటే ప్రశ్న: "ఏ మొబైల్ హోల్డర్ మంచిది?" హోల్డర్ సంగతి చివర్లో చూసుకోవచ్చు. ముందు హ్యాండిల్ మీద ఏం పెడుతున్నారు, దానికి కరెంటు ఎక్కణ్ణుంచి ఇస్తారు, దారి చూస్తూ నడుపుతారా వింటూ నడుపుతారా అన్నవి తేలాలి. ఈ మూడూ తేలకుండా ఆన్‌లైన్‌లో రేటింగులు చూసి కొన్న హోల్డర్లే ఆర్నెల్లకి డిక్కీలో మూలుగుతుంటాయి.

నా అభిప్రాయం సూటిగా చెప్తా. రోజూ వాడే ఖరీదైన ఫోన్‌ని హ్యాండిల్‌కి బిగించొద్దు. ఇంట్లో సొరుగులో పడున్న పాత ఫోన్ తీయండి. మన రోడ్లకి, మన ఎండలకి, మన జేబులకి అంతకు మించిన నావిగేటర్ లేదు.

కారణాల్లో మొదటిది కెమెరా. ఇప్పటి మంచి ఫోన్లన్నిట్లో చేతి వణుకుని సరిచేసే ఓఐఎస్ ఉంటుంది. అందులో లెన్స్ గట్టిగా బిగించి ఉండదు. సన్నటి స్ప్రింగుల మీద తేలుతూ, అయస్కాంతాల సాయంతో కదులుతుంటుంది. సింగిల్ సిలిండర్ ఇంజిన్ అదురు హ్యాండిల్ గుండా గంటల తరబడి దాన్ని కొడుతుంటే ఆ అమరిక దెబ్బతింటుంది. ఇది గిట్టనివాళ్ళు పుట్టించిన పుకారు కాదు. 2021 సెప్టెంబరులో యాపిల్ కంపెనీయే తన సపోర్ట్ పేజీలో రాసింది: పెద్ద ఇంజిన్ల మోటార్‌సైకిళ్ళకి ఐఫోన్ బిగించొద్దు, మోపెడ్లకీ స్కూటర్లకీ అయినా అదురు తగ్గించే డ్యాంపర్ ఉన్న మౌంటే వాడండి అని. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉండే ఓఐఎస్ కూడా ఇదే సూత్రం మీద పనిచేస్తుంది, కాబట్టి "మాది ఐఫోన్ కాదులే" అనుకోవడానికి లేదు. కెమెరా తెరిస్తే బొమ్మ జెల్లీలా ఊగడం, ఫోకస్ కుదరకపోవడం, లోపల సన్నగా గరగర మనడం మొదలైతే పని అయిపోయినట్టే. ఆ మాడ్యూల్ మార్పించే ఖర్చులో మంచి హెల్మెట్ వస్తుంది.

రెండోది వేడి. ఐఫోన్‌ని 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడమని తయారీదారే చెప్తాడు. మే నెలలో రామగుండం, రెంటచింతల, విజయవాడల్లో నీడలోనే ఒక్కోరోజు 44, 45 దాకా పోతుంది. దానికి నేరుగా ఎండ, ఫుల్ బ్రైట్‌నెస్, జీపీఎస్, డేటా, ఛార్జింగ్ తోడైతే ఏమవుతుంది? ముందు స్క్రీన్ దానంతటదే మసకబారుతుంది. తర్వాత ఛార్జింగ్ ఆగిపోతుంది. ఆ పైన ఫోనే ఆగిపోతుంది, అదీ సరిగ్గా జంక్షన్ ముందు. వైర్‌లెస్ ఛార్జింగ్ మౌంట్లు చూడ్డానికి ముద్దుగా ఉంటాయి కానీ వైరు కంటే ఎక్కువ వేడి పుట్టిస్తాయి. మన వేసవికి అవి పనికిరావు. జిప్ ఉన్న వాటర్‌ప్రూఫ్ పౌచ్ కూడా అంతే. వాన వచ్చినప్పుడే తొడగాలి, వాన తగ్గగానే తీసేయాలి.

పాత ఫోన్ అన్నాను కదా అని ఏదో ఒకటి పెట్టకండి. ఓఐఎస్ లేనిది అయితే మేలు. ఉన్నా ఫర్వాలేదు, పోయేది పాత కెమెరాయే. స్క్రీన్ 6 అంగుళాల చుట్టూ చాలు. మధ్యాహ్నం ఎండలో బయట పెట్టి చదవగలుగుతున్నారో లేదో చూడండి. పోలరైజ్డ్ కళ్ళద్దాలు పెట్టుకునేవాళ్ళు అవి పెట్టుకునే పరీక్షించాలి. కొన్ని ఎల్‌సీడీ స్క్రీన్లు నిలువుగా పెడితే బాగుండి, అడ్డంగా తిప్పితే నల్లబడతాయి. అన్నిటికన్నా ముఖ్యం బ్యాటరీ. వెనక మూత కొంచెమైనా ఉబ్బి ఉంటే ఆ ఫోన్ బండి మీదికే కాదు, ఇంట్లో కూడా ఉంచొద్దు.

ఇందులో సిమ్ అక్కర్లేదు. జీపీఎస్ సిగ్నల్ ఉపగ్రహాల నుంచి వస్తుంది, టవర్ నుంచి కాదు. ఇంట్లో వైఫై మీద గూగుల్ మ్యాప్స్‌లో మీ జిల్లా, వెళ్ళే జిల్లా ఆఫ్‌లైన్‌గా దించుకోండి. వెనకదన్నుగా నెట్ లేకుండా పనిచేసే ఆర్గానిక్ మ్యాప్స్ యాప్ గానీ ఓస్మ్‌అండ్ గానీ పెట్టుకోండి. మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు ఘాట్‌లో సిగ్నల్ పోయినా మ్యాప్ మీతోనే ఉంటుంది. ట్రాఫిక్ కావాలంటే జేబులో ఉన్న ఫోన్ నుంచి హాట్‌స్పాట్. సిమ్ లేకపోవడంతో ఇంకో సుఖం, మలుపు దగ్గరికొచ్చేసరికి లోన్ కావాలా సార్ అనే కాల్ వచ్చి మ్యాప్‌ని కప్పేయదు. ఒక్క ఇబ్బంది ఉంది. నెట్ లేకుండా ఫోన్ ఆన్ చేస్తే ఉపగ్రహాల జాడ పట్టడానికి కొన్ని నిమిషాలు పట్టొచ్చు. అందుకని ఆరుబయట బండి నిలిపి, మ్యాప్ మీద మిమ్మల్ని చూపే చుక్క కదలకుండా నిలబడ్డాకే బయల్దేరాలి.

మరి గార్మిన్ జూమో లాంటి, బళ్ళ కోసమే చేసిన నావిగేటర్లు? వస్తువు మంచిదే. ఎండలో కనబడుతుంది, గ్లవ్స్‌తో పనిచేస్తుంది, నీళ్ళకీ అదురుకీ తట్టుకుంటుంది. లదాఖ్, స్పితి అంటూ ఏటా వారాల కొద్దీ తిరిగేవాళ్ళు కొనుక్కోండి. "ఆంజనేయస్వామి గుడి పక్క సందు" వెతికేవాళ్ళకి మాత్రం గూగులే దిక్కు. రాయల్ ఎన్‌ఫీల్డ్ 2020లో మీటియోర్ బండితో తెచ్చిన ట్రిప్పర్ అనే చిన్న నావిగేషన్ తెర బాణం గుర్తులే చూపిస్తుంది. చాలామంది దాన్ని వెక్కిరిస్తారు గానీ నాకది నచ్చుతుంది. బాణం చూడ్డానికి అర సెకను చాలు, మ్యాప్ చదవడానికి చాలదు.

ఇక బిగింపు. మన కమ్యూటర్ బళ్ళ హ్యాండిల్ ఎక్కువగా 22 మి.మీ. ఉంటుంది. కొన్ని క్రూజర్లది 25.4. అడ్వెంచర్ బళ్ళలో మధ్యలో 28.6 ఉండి చివరలకి సన్నబడే రకం ఉంటుంది. కొనే ముందు మందం కొలిచే కాలిపర్‌తో కొలవండి, లేదా దారం చుట్టి ఆ పొడవుని 3.14తో భాగించండి. క్లాంప్ కింద పాత ట్యూబ్ ముక్క ఒక పొర చుట్టండి, జారదు. మూడు పొరలు చుడితే క్లాంపే ఊగుతుంది. హ్యాండిల్ మధ్యలో, దాన్ని బండికి కలిపే స్టెమ్‌కి దగ్గరగా పెడితే అదురు తక్కువ. అద్దం కాడకి పెట్టే మౌంట్‌లో అదురు ఎక్కువ, కానీ యాక్టివా లాంటి స్కూటర్లకి హ్యాండిల్ పైప్ బయటికి కనబడదు కాబట్టి వేరే దారి లేదు. అలాంటప్పుడు మౌంట్ చేయి ఎంత పొట్టిదైతే అంత మంచిది. యమహా బళ్ళ కుడి అద్దానికి మర తిరగేసి ఉంటుంది, బలం పెట్టి తిప్పి మర చెడగొట్టకండి.

ఫోన్‌ని పట్టే భాగంలో స్ప్రింగ్ మీద ఒక్కటే ఆధారపడే దవడలు వద్దు. స్క్రూతో గానీ లాక్‌తో గానీ నాలుగు మూలలా పట్టేది కావాలి. దవడ పవర్ బటన్ మీద పడకుండా చూడండి. సిమ్ ఉన్న ఫోన్ అయితే, గుంతల్లో అదే పనిగా నొక్కుకుపోయి ఎమర్జెన్సీ కాల్ వెళ్ళిపోవచ్చు, పోలీసులకి సంజాయిషీ మీరే చెప్పుకోవాలి. బోల్టులకి, మర వదులు కాకుండా పట్టి ఉంచే నీలం రంగు థ్రెడ్‌లాకర్ జిగురు ఒక్క చుక్క వేస్తే చాలు, అదీ లోహం మీద మాత్రమే. ప్లాస్టిక్‌కి తగిలితే అది పగుళ్ళిస్తుంది. అల్యూమినియం క్లాంప్‌ని ఎల్ ఆకారంలో ఉండే ఎలెన్ కీ పొట్టి వైపు పట్టుకుని బిగించండి. పొడుగు వైపు పట్టుకుంటే బలం ఎక్కువై మర తెగుతుంది. ఓ వంద కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ ఒకసారి బిగించండి. ఫోన్‌కి సన్నటి తాడు ఒకటి కట్టండి. హోల్డర్ ఎంత ఖరీదైనదైనా సరే, కట్టండి.

తర్వాత హ్యాండిల్‌ని పూర్తిగా ఎడమకీ కుడికీ తిప్పి చూడాలి. ఫోన్ ట్యాంకుకి తగలకూడదు, క్లచ్ కేబుల్ వంగకూడదు, తాళం పెట్టడానికి చోటుండాలి, స్పీడోమీటర్ కనబడాలి. ఇంజిన్ ఐడిల్‌లో పెట్టి తిప్పినప్పుడు ఆర్‌పీఎం పెరిగితే యాక్సిలరేటర్ కేబుల్ ఎక్కడో లాగుతోందన్నమాట. మలుపులో అదే జరిగితే బండి దానంతటదే ఉరుకుతుంది.

ఎక్కువమంది చెడగొట్టుకునేది వైరింగ్. "అన్నా, ఛార్జర్ పెట్టు" అనగానే కొందరు ఎలక్ట్రీషియన్లు నేరుగా బ్యాటరీకి కలిపేసి పంపిస్తారు. ఫోన్ లేకపోయినా ఆ ఛార్జర్ కొంత కరెంటు తాగుతూనే ఉంటుంది. 15 మిల్లీయాంపులే అనుకుందాం, రోజుకి 0.36 యాంపియర్ అవర్. స్ప్లెండర్ బ్యాటరీ సామర్థ్యమే 3 యాంపియర్ అవర్లు. ఎనిమిది రోజులు ఊరెళ్ళి వస్తే సెల్ఫ్ కొట్టదు. కాబట్టి తాళం తిప్పితేనే వచ్చే సప్లై కావాలి. బ్రేక్ లైట్ స్విచ్‌కి వచ్చే వైరు సాధారణంగా అనువైనది, మల్టీమీటర్‌తో తాళం ఆన్‌లోనూ ఆఫ్‌లోనూ చూసుకోండి. హెడ్‌లైట్ వైరు జోలికి పోకండి. పాత కమ్యూటర్ బళ్ళలో దానికి వెళ్ళేది ఏసీ కరెంటు, డీసీ మీద నడిచే ఛార్జర్ కాలుతుంది.

18 వాట్ల ఛార్జర్ పెట్టేవాళ్ళు నాలుగు పిన్నుల రిలే, అంటే తాళం తిప్పినప్పుడే బ్యాటరీ కరెంటుని వదిలే స్విచ్, వేసుకోవడం మంచిది. పిన్నుల నంబర్ల ప్రకారం కలపాలి: బ్యాటరీ ప్లస్ నుంచి ఫ్యూజ్ మీదుగా 30వ పిన్నుకి, 87 నుంచి ఛార్జర్‌కి, 85 ఎర్త్‌కి, 86 తాళం వైరుకి. ఫ్యూజ్ 5 యాంపులు, బ్యాటరీ పక్కనే ఉండాలి. ఛార్జర్ దగ్గర పెడితే మధ్యలో వైరు రాసుకుని షార్టయితే దానికి తెలిసేదేమీ ఉండదు. అతుకులకి సోల్డర్ చేసి, వేడికి ముడుచుకుని బిగిసే హీట్‌ష్రింక్ గొట్టం వేయండి. టేపు చుట్టి వదిలేస్తే మే నెలకి జిగురు కారి ఊడిపోతుంది. వానలో ఫోన్ పోర్టులో తేమ చేరితే ఛార్జింగ్ ఆగుతుంది, అందుకే కేబుల్ కిందికి వంగి మళ్ళీ పైకెక్కేలా ఒక వంపు ఉంచండి.

ఇంత చేశాక కూడా స్క్రీన్‌ని చూస్తూ నడపకండి. హెల్మెట్‌లో ఫోన్ మాట వినిపించే చిన్న ఇంటర్‌కమ్ పెట్టి, గూగుల్ మ్యాప్స్ గొంతుని తెలుగులోకి మార్చుకుని వినండి. బయటి హారన్లు వినిపించేంత సౌండే పెట్టుకోవాలి. 2020 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉన్న కేంద్ర నిబంధన ప్రకారం నడిపేటప్పుడు ఫోన్‌ని దారి చూసుకోవడానికి మాత్రమే వాడొచ్చు, అదీ ధ్యాస చెదరకుండా. ఫోన్ చేత్తో పట్టుకుని మాట్లాడుతూ నడిపితే సెక్షన్ 184 కింద ప్రమాదకర డ్రైవింగ్, మొదటిసారి జరిమానాయే 1000 నుంచి 5000 దాకా.

మ్యాప్ చెప్పిందల్లా నమ్మడం వేరే జబ్బు. హైదరాబాద్‌లో పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఫ్లైఓవర్ కింద ఉన్నారో పైన ఉన్నారో ఫోన్ ఒక్కోసారి పోల్చుకోలేదు, అక్కడ బోర్డునే నమ్మండి. హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్ళేవాళ్ళు ఇంకొకటి గుర్తుంచుకోండి. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మన్ననూరు దగ్గర అటవీ శాఖ చెక్‌పోస్టు మూసి ఉంటుంది, దోర్నాల వైపు కూడా అంతే. సాయంత్రం ఆలస్యంగా బయల్దేరితే అచ్చంపేటలోనే గది తీసుకుని, తెల్లారి గేటు తీశాక అడవిలోకి వెళ్ళండి.