మామగారి చొక్కా మీద దోమ

దోమల బ్యాట్‌తో మామగారిని కొట్టిన అల్లుడు మా వంశంలో నేనే మొదటివాణ్ణి.

తప్పు నాది కాదు, నా కుడికంటిది. ఆదివారం పొద్దున్నే హాల్లో ఒక దోమ తగులుకుంది. చూద్దామంటే పక్కకు జారుతుంది, నేను ఆగితే అదీ మెల్లగా తేలుకుంటూ వచ్చి ఆగుతుంది, తెల్లగోడ మీద స్పష్టంగా కనబడుతూ టీవీ నల్లతెర దగ్గరికి రాగానే మాయం. "ఏ దోమండీ?" అని మా ఆవిడ అడుగుతూనే ఉంది. అంతలో మామగారు ఇస్త్రీ తెల్లచొక్కా వేసుకొచ్చి కూర్చున్నారు. దోమ సరిగ్గా ఆయన జేబు మీద వాలింది.

ఠప్!

కంటి చివర తళుక్కుమంది. కాలిందనుకున్నా. తీరా చూస్తే బ్యాట్ బటనే నొక్కలేదు (అందుకే ఇంకా అల్లుడిగా చలామణీ అవుతున్నా).

మామగారు చొక్కా దులుపుకుని, "ఓసారి కుడికన్ను మూయండి అల్లుడుగారూ" అన్నారు. మూశా. దోమ లేదు. "పదండి, డాక్టర్ దగ్గరికి. ఇప్పుడే."

డాక్టరుగారు డ్రాప్స్ వేసి, నెత్తికి లైటు కట్టుకుని, పైకి చూడు కిందికి చూడు అంటూ అరగంట వెతికారు. కంటి లోపల తాటిముంజలాంటి జెల్లీ ఉంటుందట, నాలుగు మిల్లీలీటర్లు, దాదాపు అంతా నీరే. యాభై దాటాక అది నీరుకారి, ముడుచుకుని, వెనకున్న రెటీనా అనే వెలుగు పట్టే పొర నుంచి ఊడుతుంది. అందులో ఉండకట్టిన పోగుల నీడే నా దోమ. ఊడుతూ రెటీనాను లాగితే, పాపం దానికి నొప్పి తెలీదు, తెలిసిందల్లా వెలుగే, అందుకే ఆ మెరుపు. గోడకు అంటించిన కాగితం పీకితే చాలాసార్లు శుభ్రంగా వచ్చేస్తుంది, ఒక్కోసారి సున్నం పెచ్చు కూడా లేస్తుంది కదా, అలా రెటీనా చిరిగితే కష్టం. చిరుగు దొరికితే లేజర్‌తో చుట్టూ అతుకేస్తారు, వదిలేస్తే ఆ సందులోంచి నీరు దూరి రెటీనానే లేచిపోవచ్చు. నాకు చిరుగు లేదు. కానీ దోమలు గుంపుగా వచ్చినా, మెరుపులు పెరిగినా, పక్కనుంచి నల్లతెర దిగినట్టున్నా ఆ రోజే పరిగెత్తుకు రమ్మన్నారు.

డ్రాప్స్ మత్తులో అంకెలు అలుక్కుపోయి ఆటోకి 80 బదులు 800 కొట్టా. డ్రైవర్ నవ్వి వెనక్కిచ్చాడు.

మర్నాడు మామగారు కాఫీకి ముదురు నీలం చొక్కాలో వచ్చారు. బ్యాట్ ఆయన ఒళ్ళోనే ఉంది.