చుక్క చెరిపి గీత గీసే పీహెచ్‌పీ గారికి

వెబ్‌సైట్లను నడిపే ప్రోగ్రామింగ్ భాష మహారాజశ్రీ పీహెచ్‌పీ గారి సముఖమునకు, నిన్నటి శనివారం మధ్యాహ్నమంతా తమకే సమర్పించుకున్న ఒక ప్రోగ్రామరు నమస్కరించి వ్రాసుకొను విన్నపము. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం ఆచారమే గాని, తమ క్షేమం ఏటేటా వచ్చే కొత్త వెర్షన్లలో కనబడుతూనే ఉన్నది, నా క్షేమం తప్పులు నమోదయ్యే ఎర్రర్ లాగ్‌లో ఉన్నది.

ఒక కళాశాల ఫీజుల వెబ్‌సైటును తమ 5.6 వెర్షన్ నుంచి 8.2కి మార్చాము. 5.6కు భద్రతా సవరణలు 2018 డిసెంబరుతోనే ఆగిపోయాయి కనుక ఆలస్యం మాదే, ఒప్పుకుంటాను. మార్చిన మరునాటి నుంచి విద్యార్థులు డబ్బు కడుతున్నారు, ఖాతాలో జమ అవుతున్నది, రసీదు మాత్రం పుట్టడం లేదు. చెల్లింపు పూర్తయిందని అవతలి సర్వరు పంపే కబురులో, అది అసలుదేనని రుజువుగా ఉన్న డిజిటల్ సంతకం మా లెక్కతో సరిపోవడం లేదని మా ప్రోగ్రామే దానిని గుమ్మం నుంచి తిప్పి పంపుతున్నది. నాకు ముందు ఇక్కడ పనిచేసిన వారెవరో ఆ కబురును ‘హెచ్‌టీటీపీ రా పోస్ట్ డేటా’ అనే వేరియబుల్ (విలువను దాచుకునే పేరు) నుంచి నేరుగా చదివారు. ఆ పేరును తమరు 2015లో, 7.0 వచ్చినప్పుడే కొట్టివేశారు. లేని వేరియబుల్‌లో విలువ ఉండదు, లేని విలువతో ఏ సంతకమూ సరిపోదు.

ఇంతవరకు నాకు కోపం రాలేదు. తమ ఇంట పేర్లు పుట్టడం, గిట్టడం మాకు అలవాటే. 2001 డిసెంబరులో 4.1తో, బయటి నుంచి వచ్చిన వివరాలను అందించే ‘గెట్’, ‘పోస్ట్’ అనే పొట్టి పేర్లు వచ్చాయి, ‘హెచ్‌టీటీపీ గెట్ వార్స్’ వంటి పొడుగు పేర్లు 2012లో 5.4తో గాని పోలేదు. పదేళ్ల గడువంటే పెద్దమనిషి తరహాయే. కాబట్టి గిట్టిన పేరు స్థానంలో ‘పోస్ట్’ను పెట్టి, భోజనానికి లేవవచ్చునని అనుకున్నాను.

లేవలేదు. ఈసారి విలువలన్నీ వచ్చాయి, అయినా సంతకం కుదరలేదు. సంతకం లెక్కకు వాడే రహస్యపు తాళంచెవి మార్చి చూశాను, అక్షరాల ఎన్‌కోడింగ్ చూశాను, అవతలి సంస్థవారికి ఫోను చేసి వారినే అనుమానించాను. సాయంత్రం ఐదింటికి వచ్చిన పేర్లను ఒక్కొక్కటిగా ముద్రించి చూస్తే, వారు ‘ఆర్డర్.ఐడీ’ అని పంపినది నా చేతికి ‘ఆర్డర్_ఐడీ’ అని అందుతున్నది. ఆ సంతకాన్ని లెక్కించేది పేర్లను, విలువలను కలిపి. దారిలో చుక్కను చెరిపి అడుగున గీత గీసినవారు తమరే. అడగలేదు, చెప్పలేదు, లాగ్‌లో ఒక హెచ్చరికైనా రాయలేదు.

దీనికి కారణం లేదనను. ఒకప్పుడు ఫారంలోని ప్రతి గడీ తానుగా వేరియబుల్ అయిపోయేది, దానికి ‘రిజిస్టర్ గ్లోబల్స్’ అని పేరు. తమ భాషలో చుక్క అంటే రెండు మాటలను అతికించే గుర్తు కనుక వేరియబుల్ పేరులో చుక్క ఉండరాదు, అందుకే గీతగా మార్చారు. సమంజసమే. కాని ఆ ఏర్పాటు వల్ల ఎవరైనా అడ్రసు బారులో ఒక పేరు టైపు చేసి లోపలి వేరియబుల్‌ను మార్చివేయగలుగుతున్నారని 2002లో 4.2తో దానిని మామూలుగా ఆపి ఉంచారు, 2012లో 5.4తో పూర్తిగా తీసివేశారు. పెళ్లే రద్దయింది. ఇంటిపేరు మార్చడం మాత్రం ఈనాటికీ సాగుతున్నది! ఇప్పుడు ఆ పేర్లు వచ్చి కూర్చునేది అర్రే అనే విలువల పట్టికలో, ఆ పట్టికలోని పేరుకు చుక్క ఉన్నా ఒకటే, ఖాళీ ఉన్నా ఒకటే. ఆ ఖాళీని కూడా తమరు గీతగానే మారుస్తారు. ఒకే ఫారంలో చుక్కతో ఒక పేరు, గీతతో అదే పేరు ఉంటే రెండవది మొదటిదాన్ని మింగివేస్తుంది.

మాన్యువల్‌లో రాసే ఉన్నదంటారు. పాత కోడ్ విరుగుతుందని జాలిపడి ఉంచామంటారు. జాలా? 7.0లో డేటాబేస్‌తో మాట్లాడే పాత ‘మైఎస్‌క్యూఎల్’ ఫంక్షన్లను గుంపుగా ఊడబెరికినప్పుడు ఆ జాలి ఏ ఊరు పోయింది? 8.0లో ఫంక్షన్‌కు విలువలను పేరు పెట్టి పంపే నేమ్డ్ ఆర్గ్యుమెంట్లు తెచ్చి, మేము ఫంక్షన్ లోపల పెట్టుకున్న పారామీటర్ పేరు మార్చుకున్నా ఆ పేరుతో పిలిచేవారి కోడ్ విరిగేలా చేసినప్పుడు ఎక్కడికి పోయింది? వేరియబుల్ పేరులో పెద్దక్షరానికి, చిన్నక్షరానికి తేడా పట్టిస్తావు, ఫంక్షన్ పేరులో పట్టించుకోవు. ‘స్ట్ర్‌పాస్’ అనే ఫంక్షన్ పేరును కలిపి రాయమంటావు, ‘స్ట్ర్_రిప్లేస్’ను గీత పెట్టి రాయమంటావు. వెర్షన్లను 5 తరువాత 7 అని లెక్కపెట్టినవాడివి, నువ్వు నా ‘ఆర్డర్.ఐడీ’లో తప్పు దిద్దుతావా? పరాయివాడు పంపిన పేరును ఉన్నది ఉన్నట్టు అందించడం తపాలా జవాను పని. చిరునామా దిద్దే జవానును ఏ ఊరివారూ ఉంచుకోరు.

క్షమించాలి, ఏకవచనం దొర్లింది.

చివరికి ‘పీహెచ్‌పీ ఇన్‌పుట్’ అనే దొడ్డిదారిన వెళ్లి, తమరి చేయి పడని ముడి కబురును తెచ్చుకుని, చుక్కలను చుక్కలుగానే చదివి రసీదులు పుట్టించాను. రాత్రి తొమ్మిదిన్నర అయింది. ఆ ముడి కబురును దాచుకునే వేరియబుల్‌కు, కసికొద్దీ, డాలరు గుర్తు పక్కన తెలుగులో ‘పంతం’ అని పేరు పెట్టాను. గగ్గోలు పెడతారని కాచుకుని కూర్చుంటే, నడుమనున్న నిండు సున్నాతో సహా ఒక్క అక్షరం మార్చకుండా స్వీకరించారు. అది చూసి నవ్వు వచ్చిన మాట నిజం. ఆ పేరును నేనిక మార్చను.

ఇట్లు,
రసీదులు రాని విద్యార్థులందరి తిట్లూ తిన్నవాడు

తా.క.: 8.2లో కొత్తగా, కోడ్‌లోని క్లాస్‌లో ముందు ప్రకటించని ప్రాపర్టీని (దాని సొంత వేరియబుల్‌ను) సృష్టిస్తే వద్దని హెచ్చరిస్తున్నారట. లాగ్ ఇప్పుడే తెరిచాను. అది వచ్చే శనివారానికి.