ఏ రక్తపరీక్ష? ఎందుకు?

భ్రమలు, భ్రాంతులు కలిగించే తీవ్ర మానసిక జబ్బు స్కిజోఫ్రీనియా. అది ఉన్నవారి రక్తంలో సీఆర్పీ (సి-రియాక్టివ్ ప్రొటీన్), ఇంటర్‌ల్యూకిన్-6 వంటి ఇన్‌ఫ్లమేషన్ (ఒంట్లో వాపు) సూచికలు సగటున ఎక్కువగా ఉంటున్నట్టు పరిశోధనలు చెబుతున్నాయి. ‘సగటున’ అన్న మాటను మింగేస్తేనే చిక్కు. పొగ తాగినా, పొట్ట పెరిగినా, చిగుళ్లు వాచినా సీఆర్పీ పెరుగుతుంది. ఈ జబ్బును నిర్ధారించే రక్తపరీక్ష నేటికీ లేదు. ఆ పేరుతో ఎవరైనా ప్యాకేజీ అంటగట్టబోతే కుటుంబాలు పైసా కట్టనక్కర్లేదు. సీఆర్పీ ఎక్కువుందని సొంతంగా ఆస్పిరిన్ మింగించడం మరీ ప్రమాదం.

సీఆర్పీ రిపోర్టులో అంకె పక్కనున్న కొలమానం కూడా చూడాలి. డెసిలీటరుకు 0.6 మిల్లీగ్రాములన్నా, లీటరుకు 6 అన్నా ఒకటే. లీటరుకు 10 దాటితే ముందు ఇన్‌ఫెక్షన్ ఉందేమో వెతకాలి. అది తగ్గాక రెండు వారాలకు మళ్లీ చేయించాలి.

సీఆర్పీ నిజంగా అక్కరకొచ్చేది స్కిజోఫ్రీనియాకు ఇచ్చే క్లోజపిన్ మందు వాడేవారికి. మందు మొదలెట్టిన తొలి నాలుగు వారాల్లో కొద్దిమందికి గుండె కండరం వాస్తుంది. అందుకే సీఆర్పీతో పాటు, గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ చూస్తారు. ఆ తర్వాతా గట్టి ఇన్‌ఫెక్షన్ వస్తే కాలేయం ఈ మందును విరిచే వేగం తగ్గి, రోజూ వేసే మోతాదే రక్తంలో పేరుకుంటుంది. మనిషి మత్తుగా తూలుతున్నా, చొంగ మరీ కారుతున్నా జ్వరం నీరసమేలే అని వదిలేయకూడదు. అలాగని ఇంట్లోవాళ్లే మందు ఆపకూడదు. 48 గంటలకు మించి మానితే డాక్టరు మళ్లీ 12.5 మిల్లీగ్రాముల నుంచి మోతాదు పెంచుకుంటూ రావాలి. క్లోజపిన్ కొద్దిమందిలో తెల్లకణాలను తగ్గిస్తుంది కాబట్టి జ్వరం వచ్చిన రోజే వాటి లెక్క చేయించాలి; ఇన్‌ఫెక్షన్లతో పోరాడే తెల్లకణాలైన న్యూట్రోఫిల్స్ మైక్రోలీటరుకు 1,500 కన్నా తగ్గితే ఆ పూటే మానసిక వైద్యుడికి చెప్పాలి.

క్లోజపిన్ మొదలెట్టాక తొలి 18 వారాలు వారం వారం ఈ తెల్లకణాల లెక్క కావాలి. కుప్పం, పలమనేరు పల్లెల వాళ్లు కూలి మానుకుని తిరుపతికో చిత్తూరుకో ఎన్నిసార్లు బస్సెక్కగలరు? రక్తం దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రిలో తీసి, ఫలితం అదేరోజు, వైద్యం చేస్తున్న డాక్టరుకు ఫోన్లో చేరే ఏర్పాటును ఆరోగ్యశాఖ చేయాలి.

ఇన్‌ఫ్లమేషన్ మీదున్న ఆసక్తిలో షుగర్ మరుగున పడకూడదు. ఈ రోగుల ఆయుష్షును ఎక్కువగా కోసేది గుండెజబ్బే. ఈ జబ్బుకు వాడే ఒలాంజపిన్, క్లోజపిన్ మందులు బరువును, చక్కెరను పెంచుతాయి. మందు మొదలెట్టేటప్పుడు, మూడు నెలలకు, ఆపైన ఏటా బరువు, బీపీ, పరగడుపు షుగర్, కొలెస్టరాల్ చూడాలి. నడుము మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో బీపీ, షుగర్ పరీక్షలు ఎటూ జరుగుతున్నాయి. ఆ పరీక్షలు చేసేవారి జాబితాలోకి మానసిక రోగుల పేర్లు ఎక్కించడానికి కొత్త యంత్రాలు అక్కర్లేదు, కలెక్టర్ల ఆదేశం ఒక్కటి చాలు.