ఆ పదకొండో గుడ్డు పిల్ల కాదు

పోయిన నెల ఒక ప్రచురణకర్త నా కథ చదివి ఫోన్ చేశారు. చిన్న కథ. అమ్మమ్మ గంపలో ఊక పోసి పదకొండు గుడ్లు పొదగేస్తుంది, మనవరాలు గోడ మీద రోజుకో బొగ్గు గీత గీస్తూ 21 రోజులు లెక్కపెడుతుంది, పది గుడ్లు పిల్లలవుతాయి, ఒకటి కాదు. మనవరాలు ఆ గుడ్డుని చెవి దగ్గర పెట్టుకుని వింటూ కూర్చుంటుంది. అంతే కథ.

"బాగుందండీ, కానీ ఆ ఒక్కటి కూడా పిల్ల అయితే పాజిటివ్‌గా ఉంటుంది, చివర్లో ఓపిక గురించి ఒక నీతి పెడదాం, పక్కన ఇంగ్లీషు వేద్దాం, ఊక అంటే సిటీ పిల్లలకి తెలీదు, గడ్డి అందాం. ఇప్పుడు అలాంటివే నడుస్తున్నాయి" అన్నారు.

ఆయన మీద నాకు కోపం లేదు. రంగుల బొమ్మల పుస్తకం వేయాలంటే ఆర్టిస్టుకి ఇవ్వాలి, ప్రెస్సుకి ఇవ్వాలి, షాపుల కమీషన్ పోవాలి, ఇంతా చేసి కాపీలు కట్టలు కట్టలుగా ఇంట్లోనే ఉండిపోతే ఆ నష్టం ఆయనదే. నేనూ అడిగినట్టు రాసిచ్చినదాన్నే. తెనాలి రామకృష్ణుడి కథలు తిరగరాశాను, మంచి అలవాట్ల మీద ఒక సిరీస్ రాశాను, ఆ డబ్బుతో మా అమ్మాయి స్కూలు ఫీజు కట్టాను. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

కానీ "నడుస్తున్నాయి" అంటే ఎవరి దగ్గర నడుస్తున్నాయి? జనవరిలో విజయవాడ పుస్తకాల పండగలో మూడు రోజులు ఒక స్టాల్లో నిలబడ్డాను. ఏడేళ్ల బాబు ఒకడు కింద మఠం వేసుకుని తొండ కథ చదువుతున్నాడు, పెదాలు కదులుతున్నాయి, ఒక పేజీ అయిపోయాక వెనక్కి తిప్పి మళ్లీ అదే చదివాడు. వాళ్లమ్మ వచ్చి "ఇంగ్లీషులో ఉందా? దీనివల్ల వాడికేం వస్తుందండీ?" అని అడిగి, జనరల్ నాలెడ్జ్ పుస్తకం కొని తీసుకెళ్లింది. ఆమెనీ ఏమీ అనలేను, మార్కుల టెన్షన్ అలాంటిది. అయితే అక్కడ అమ్ముడుపోయింది ఆ తల్లి భయానికి సరిపడే పుస్తకం. బాబుకి నచ్చింది స్టాల్లోనే ఉండిపోయింది. పిల్లల పుస్తకం కొనేది ఒకరు, చదివేది ఇంకొకరు. ట్రెండ్ అని మనం అనేది కొనేవాళ్ల లెక్క. దాని వెంట పడితే నేను రాసేది అమ్మానాన్నల కోసం అవుతుంది.

నీతి లేకపోతే పుస్తకం అమ్ముడుపోదు అంటారు కదా, చందమామ గుర్తుతెచ్చుకోండి. 1947 జులైలో మొదలుపెట్టిన నాగిరెడ్డి, చక్రపాణి సినిమా వ్యాపారం బాగా తెలిసినవాళ్లు, డబ్బు లెక్క తెలియక పెట్టిన పత్రిక కాదు అది. అందులో బేతాళుడు కథ చెప్పి చిక్కు ప్రశ్న వేసేవాడు, జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుందని బెదిరించేవాడు, విక్రమార్కుడు నోరు తెరిచేలోపు పుస్తకం మూసి మన జవాబు మనం ఆలోచించుకునేవాళ్లం. పిల్లల బుర్ర మీద అంత నమ్మకం ఉన్న పత్రిక పదికి పైగా భాషల్లో, కొన్ని దశాబ్దాల పాటు నడిచింది.

నా గుడ్డు కథని మా దగ్గర ఒక ప్రభుత్వ స్కూల్లో మూడో తరగతికి చదివి వినిపించాను. అయిపోగానే గోల. "ఇంకో వారం పెట్టి చూడాల్సింది టీచర్", "కాదు, మురిగిపోయిందేమో, నీళ్లల్లో వేస్తే తేలుద్ది", "పాతిపెట్టాలి" అని ఒకళ్ల మీద ఒకళ్లు అరుచుకున్నారు. ఊక అంటే ఏంటని ఇద్దరు అడిగితే పక్కనున్నవాళ్లే చెప్పేశారు. బెల్లు కొట్టాక ఒక పాప నా కొంగు పట్టుకుని వంగమని, చెవిలో "మా తమ్ముడు కూడా అట్టాగే, పుట్టలేదు" అని చెప్పి పరిగెత్తింది.

ఆ పాపకి ఓపిక గురించి నీతి ఎలా చెప్పమంటారు?

నిన్న ఆయనకి ఫోన్ చేశాను. ఇంగ్లీషు పక్కన వేసుకోండి, అట్ట మీకు నచ్చినట్టు చేసుకోండి, ఊక ఉండాలి, గుడ్డు గుడ్డుగానే ఉండాలి అన్నాను. ఆలోచించి చెప్తానన్నారు. కుదరదంటే 300 కాపీలు నలుపు తెలుపుల్లో, మధ్యలో పిన్ను కొట్టించి నేనే వేసుకుంటాను. మొదటి కట్ట ఆ మూడో తరగతికే.