కొల్లేరు నిండితే బోర్లు తీపెక్కవు

వానాకాలం రాగానే వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరగడం మొదలవుతుంది. "కొల్లేరులో వరద నీళ్లు రెండు నెలలు నిలబడితే చాలు, భూమిలోకి ఇంకి చుట్టుపక్కల బోర్లలో ఉప్పు పోతుంది. ఉప్పుటేరు నుంచి సముద్రానికి వదిలేదంతా వృథా" అని. కొల్లేరు నిండాలనే నేనూ కోరుకుంటాను. కానీ ఈ మాట నమ్మి బోరు వేయించినవాళ్ల డబ్బు మట్టిలో కలిసిపోతుంది. అందుకే రాస్తున్నాను.

ముందు ఇంకడం సంగతి. వేసవిలో సరస్సు అంచున నేల చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చి ఉంటుంది. తొలి నీళ్లు అందులోకి గటగటా దిగిపోతుంటే భూమి తాగేస్తోందనే అనిపిస్తుంది. అయితే నల్ల బంకమట్టి తడిస్తే ఉబ్బుతుంది, నెర్రెలు మూసుకుపోతాయి. ఆ తడిమట్టితో చిన్న గిన్నె చేసి నీళ్లు పోసి చూడండి, గంటైనా కారవు. కొల్లేరు అడుగున పరుచుకున్నదీ అలాంటి మట్టే. నీళ్లు అక్కడ నిలిచి సరస్సు కావడానికి అదీ ఒక కారణం.

పైగా నీరు ఇంకాలంటే కింద ఖాళీ ఉండాలి కదా! ఇది కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లం. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరుతో పాటు వరిచేల మురుగునీళ్లూ ఇటే దిగుతాయి. భూగర్భ జలం పైపైనే ఉంటుంది. వరద పెరిగినప్పుడు ఒడ్డున ఉన్న ఇసుక పొరల్లోకి కొంత నీరు చేరే మాట నిజమే. సరస్సు తగ్గగానే అందులో చాలా వరకు తిరిగి సరస్సులోకే ఊరుతుంది.

ఇక ఉప్పు. వేల ఏళ్ల కిందట సముద్రం ఇక్కడిదాకా ఉండేది. ఆనాటి ఉప్పు ఈ మట్టి పొరల్లోనే చిక్కుకుపోయింది. ఒకటి రెండు నెలల వరద దాన్ని కడగలేదు. మంచినీరు తేలిక కాబట్టి, ఉన్నచోట ఉప్పునీటి మీద పొరలా తేలుతుంది. లెక్క ప్రకారం ఆ మంచినీటి మట్టం ఒక అడుగు తగ్గితే కింది ఉప్పునీరు దాదాపు 40 అడుగులు పైకి రాగలదు. కాబట్టి లోతైన బోరు, పెద్ద మోటారు అక్కడ ఉన్న ఆ కాస్త మంచినీటినీ పాడుచేస్తాయి. ఈ ప్రాంతంలో ఇంటి ముందు పంపు ఉన్నా, తాగడానికి కాలవ నీళ్లతో నింపిన మంచినీళ్ల చెరువు మీదే ఆధారపడే ఊళ్లున్నది ఇందుకే.

ఉప్పుటేరులో పారేది వృథా కాదు. ఆ పారుదలే సముద్రపు పోటును వెనక్కి నెడుతుంది. అది తగ్గిన రోజుల్లో ఉప్పునీరు ఎగువకు ఎగబాకుతుంది. నీళ్లు ఇంకించాలని నిజంగా ఉంటే చింతలపూడి మెట్టకు వెళ్లాలి. అక్కడ ఇసుకరాయి నేల, వాగుల్లో ఇసుక ఉన్నాయి. బోర్లు ఎక్కువగా తోడేయడంతో కింద ఖాళీ కూడా ఉంది.

పల్లంలో వరద వేగంగా భూమిలోకి దిగే దారులు రెండున్నాయి: మునిగిన చేతిపంపు, మూతలేని బోరు కేసింగ్. వాటిలోంచి దిగేది మురుగు. వానలకు ముందే కేసింగ్‌కు మూత బిగించండి. వరద తీశాక క్లోరిన్ వేయించి, నీటి పరీక్ష అయ్యేదాకా ఆ నీళ్లు తాగకండి.