పాపికొండల్లో పాటల పంచాయితీ

పాపికొండల ట్రిప్ అనుకున్న దగ్గర్నుంచీ మా వాట్సాప్ గ్రూపులో ఒకటే గోల, బోటులో ఏం పాటలు పెడదామని. బావగారికి ఘంటసాల కావాలి. పిల్లలకి నిన్నగాక మొన్నొచ్చిన మాస్ బీట్లు కావాలి. పిన్నికి ఏదైనా పర్లేదట, కానీ ఏది పెట్టినా మొహం చిట్లిస్తుంది. అందరూ లింకులు పంపేవాళ్లే! కొండల మధ్యకి వెళ్తే సిగ్నల్ రాదు, డౌన్‌లోడ్ చేసుకోండి బాబూ అని మొత్తుకుంటే ఒక్కరు వింటేనా?

సరిగ్గా గోదారి సన్నబడే చోట పాట ఆగి, తెర మీద సున్నా గిరగిరా తిరగడం మొదలెట్టింది. ఇక బ్లూటూత్ కోసం యుద్ధం. ఒకడు కలిపితే ఇంకొకడు ఊడగొడతాడు. ఒక్క పాటా పల్లవి దాటి చరణంలోకి వెళ్లిన పాపాన పోలేదు. మధ్యలో బావగారి ఫోన్లోంచి బీపీ మాత్రల అలారం మాత్రం పూర్తిగా విన్నాం.

ఇంతా చేస్తే బోటువాళ్లకి సొంత డీజే ఉంది! ఇంజిను రొదని మించాలని వాల్యూమ్ పెంచుతూనే పోయారు. పేరంటాలపల్లిలో దిగి, శివుడి గుడి ఉన్న మునివాటం ఆశ్రమం మెట్లెక్కుతుంటే వెనక నుంచి ఐటమ్ సాంగు. శివుడికి దణ్ణం పెట్టుకోవాలా, స్టెప్పులెయ్యాలా? కాస్త తగ్గించవయ్యా అంటే "అందరూ అడుగుతున్నారు సార్" అంటాడు. అందరూ అంటే ఎవరు నాయనా, ముందు చొక్కాలు తిప్పుతున్న ఆ నలుగురేనా? మిగతావాళ్లం చెవుల్లో వేళ్లు పెట్టుకుని, ఫోటోలు ఎలా తీసుకోవాలో తెలీక చస్తున్నాం.